మందు పెట్టలేదు

ఉదయం ఆరూముప్పావుకి రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. అప్పుడే అంకమ్మ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. ఆమెతో నేనన్న రెండు మాటలను ఇన్నేళ్లూ మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయి నెలయింది. ఇక చెప్పుకోవడానికి మీరే ఉన్నారు.

అవి ఎనభైల నాటి రోజులు. కాలవ కింద మా రెండెకరాల వరి పండుముఖం పట్టింది. ఎలుకలు కంకులు కొరికి కలుగుల్లోకి లాక్కుపోతున్నాయి. ఆయన నరసరావుపేట నుంచి మందు తెచ్చారు. నానిన వడ్లకు నూనె పట్టించి ఆ నల్లపొడి కలిపింది నేను. కలుగుల దగ్గర పెట్టింది ఆయన. నాలుగు రోజులైనా ఎలుకలు తగ్గలేదు. ఆయన పని మీద పిడుగురాళ్ల వెళ్లారు. నేనే ఎలుకలు పట్టే పోలయ్యకూ, అతని భార్య అంకమ్మకూ కబురు పెట్టాను. వాళ్లు పొగ ఊది, తవ్వి పడతారు. పట్టిన ఎలుకలూ, కలుగులో దొరికిన గింజలూ వాళ్లవే. అదే కూలి. అందుకే మందు పెట్టిన చేలో పార వెయ్యరు.

“ఏందమ్మా, మందు గిందు పెట్టలా గదా?” అంది అంకమ్మ. “పెట్టుంటే చెప్పు తల్లీ, ఇంకో చేలోకి పోతాం. మేం పైకి పోతే వచ్చే ఏడు మీ ఎలకల్ని పట్టేదెవురు?” అని నవ్వింది.

“మందు పెట్టలేదు” అన్నాను.

ఎందుకన్నాను? వాళ్లు వెళ్లిపోతే చేను దక్కదని. మందు తిన్నవి ఈపాటికి చచ్చే ఉంటాయి, బతికున్నవి తిననివే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎలుక గింజ దాచుకుంటుందని నాకు తెలియదా? ఆ దాచిన గింజ కోసమే కదా వాళ్లు వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం పోలయ్య బండి అడగడానికి పరుగున వచ్చాడు. అంకమ్మకు ఆగకుండా వాంతులు. కలుగు గింజలు దంచి జావ కాచుకుందట. అతను ఇంకా తాగలేదట. “జావ పడలేదేమోనమ్మా” అన్నాడు. బండి ఇచ్చాను. ఎడ్లను కడుతుంటే పక్కనే నిలబడ్డాను. డాక్టరుకు చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది. చెబితే అబద్ధమాడానని తెలిసిపోతుంది. అంతే, ఇంకో కారణం లేదు. బండి కదిలింది.

అంకమ్మ తిరిగి రాలేదు.

మరుసటి ఏడు పోలయ్య ఒక్కడే వచ్చి, గుమ్మంలో నిలబడి అదే మాట అడిగాడు. లేదన్నాను. ఈసారి నిజమే. అతను పార తీసుకుని చేలోకి వెళ్లాడు. అబద్ధాన్ని ఆమె ఎలా నమ్మిందో, ఈ నిజాన్ని అతనూ అలాగే నమ్మాడు.

క్షమించమని అడగను. అడగాల్సిన ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది.

ఇప్పుడు మా ఊళ్లో కలుగులు తవ్వడానికి ఎవరూ రారు. మందు పెట్టారా అని ఎవరూ అడగరు.