ముందుగా నా చేతికి కట్టిన పట్టీ

నాపరాళ్లకు పాలిష్ పట్టే సాయన్న నా బీపీ అంకె చూసి నవ్వడం ఆపేసిన క్షణంలో నాకు మొదటిసారి భయమేసింది. కొన్నేళ్ల కిందటి ఎండాకాలం అది. తాండూరులో ఒక పాలిషింగ్ యూనిట్ వారి ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సును. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టి ఇది రాస్తున్నాను.

కార్మికులకు ఏటా ఆరోగ్య పరీక్షలు చేయడం నా విధుల్లో ఒకటి. బరువు, నడుము కొలత, షుగరు, చివరగా బీపీ. దాని దగ్గరే వరుస ఆగిపోయేది. బీపీ ఎక్కువుంటే యంత్రం మీద పని తీసేస్తారని వాళ్ల అనుమానం. అందుకే అక్కడొక ఆనవాయితీ ఉండేది: బీపీ మిషన్ పట్టీని ముందుగా సిస్టరమ్మ తన చేతికి కట్టుకోవాలి. నేను కట్టుకుని, మీట నొక్కి, "చూసిండ్రా, ఏం కాలే" అని విప్పేసేదాన్ని. ఆ కాసేపూ వాళ్ల మొహాలే చూసేదాన్ని. అంకె వైపు ఎవరం చూసేవాళ్లం కాదు.

ఆ ఏడు సాయన్న చూశాడు.

"సిస్టరమ్మా, నూట అరవై రెండట! పోయినేడు నాకు నూట యాభై వస్తెనే ఉప్పు బంద్ చెయ్యమంటివి గదా?"

మిషన్ చెడిపోయిందన్నాను. అయితే నాకు కట్టు అని చెయ్యి చాపాడు. అతనికి నూట ఇరవై ఎనిమిది. "మిషన్ మంచిగనే ఉన్నది. నీ టిఫిన్ డబ్బ మూత తీస్తె మామిడికాయ తొక్కు వాసన మా షెడ్డు దాక వస్తది" అన్నాడు. వరుసంతా ఒకటే నవ్వు.

పద్ధతి ప్రకారం మళ్లీ చూడాలి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అందరికీ చెప్పేదాన్ని నేనే. సాయన్న వరుస వైపు తిరిగి, "నవ్వకుండ్రి రా! సిస్టరమ్మ నవ్విందంటె ఇంక పెరుగుతది" అని గద్దించాడు. అందరూ బడిపిల్లల్లా నోటి మీద వేలేసుకున్నారు. నవ్వు ఆపుకోవడమే నాకు అసలు కష్టమైంది.

నూట యాభై ఆరు. అప్పుడే సాయన్న నవ్వు ఆపేశాడు. "జర డాక్టరుకు చూపించుకో బిడ్డా. మీ నాయినను నేనెరుగుదును" అన్నాడు మెల్లగా.

మా నాన్న నలభై ఏడేళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆ ఎండాకాలం నాకు ముప్పై ఒకటి. తలనొప్పి లేదు, ఆయాసం లేదు. ఇంట్లో అయిదేళ్లదీ మూడేళ్లవాడూ ఉన్నారు. నాన్న వయసులోంచి నా వయసు తీసేసి, మిగిలింది పిల్లల వయసుకు కలిపి చూసుకున్నాను. లెక్క నచ్చలేదు.

వారాంతంలో వికారాబాద్ వెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. రెండు చేతులకూ బీపీ చూసి, కొలెస్ట్రాల్‌కూ షుగరుకూ రక్తం ఇమ్మని, నాన్న సంగతి అడిగింది. తర్వాత కాన్పుల గురించి అడిగింది. రెండోసారి నెలలు నిండేటప్పుడు బీపీ వచ్చిందనీ, కాన్పయ్యాక తగ్గిపోయిందనీ చెప్పాను.

"గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చినోళ్లకు ముందుముందు గుండె జబ్బు భయం ఎక్కువ. తర్వాత ఎప్పుడన్నా చూసుకున్నవా?"

"రోజూ చూస్తున్న మేడం. వేరేటోళ్లది."

ఆమె నా చీటీలో ఆ సంగతి రాసుకుంది. వారం పాటు ఇంట్లో పొద్దున, సాయంత్రం చూసుకుని రమ్మంది. మాత్ర సంగతి ఆ తర్వాతేనంది. ఉప్పు, తొక్కు పచ్చళ్లు తగ్గించమనీ, రోజూ నడవమనీ చెప్పింది. ఈ ముక్కలన్నీ నేను సాయన్నకు చెప్పినవే. అవతలి మనిషి చెబుతుంటే ఎంత విసుగ్గా ఉంటాయో అప్పుడే తెలిసింది.

వారం తర్వాత మాత్ర మొదలైంది, ఇప్పటికీ వేసుకుంటున్నాను. కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుంటే తిండితో, నడకతో దించుకున్నాను. ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఇంతే: వయసు చిన్నదైనంత మాత్రాన బీపీ రాకుండా పోదు, వచ్చినా చెప్పి రాదు. ఇంట్లో ఎవరికైనా తొందరగా గుండెపోటు వచ్చి ఉన్నా, కాన్పుల్లో బీపీ కనిపించినా ఆ సంగతి డాక్టరుకు మనమే చెప్పాలి. అంకె చూడకుండా పట్టీ కట్టుకోవడం వృథా.

వికారాబాద్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున, తొక్కు జాడీని అటక మీదికి ఎక్కించి పిల్లలిద్దరినీ పిలిచాను. "గిప్పటి సంది గీ జాడీకి మీరే కావలి. నేను ఏడ్చినా దించనియ్యకుండ్రి" అన్నాను. చిన్నోడు వెంటనే కర్ర తెచ్చుకుని అటక కింద నిలబడ్డాడు. తర్వాత, వస్తూ కొనుక్కొచ్చిన బీపీ మిషన్ పట్టీ చేతికి కట్టుకుని, అంకె చదవమని పెద్దదానికి చెప్పాను.

"నాకు వంద దాకనే వచ్చు గదమ్మా!" అంది.

"మంచిగ బడికి పోయి నూట ముప్పై దాక నేర్చుకో బిడ్డా. ఆపైన నీకు పని పడకుండ నేను చూసుకుంట" అన్నాను.