చెయ్యి తిరిగినవాడు

మా బాబాయిని చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ అనేవారు. ఆ మాటలో సగం పొగడ్త, సగం ఎగతాళి. ఎందుకంటే ఆయన చెయ్యి నిజంగానే తిరిగి ఉండేది. టెస్టరు పెట్టి చూశాక కూడా ఫ్రిజ్ పిడికి కానీ, ఇనుప గేటుకి కానీ ముందు వేళ్ళ వెనక వైపు ఆనించి, తర్వాతే పట్టుకునేవాడు. "నన్ను కూడా అలాగే తాకి చూసి చేసుకున్నారు" అని పిన్ని దెప్పిపొడిచేది. ఆయన నవ్వేవాడు కాదు. "అరచేత్తో పట్టుకుంటే కరెంటు వేళ్ళు ముడిచేస్తుంది. వదుల్దామన్నా వదలదు" అనేవాడు.

నేను ఆ మాటలు చెవిన పెట్టినదాన్ని కాదు. మేము ఇల్లు కొన్నప్పుడు గోడల రంగు చూశాను, వంటింటి గట్టు ఎత్తు చూశాను. మీటరు వైపు కన్నెత్తి చూడలేదు. పాత ఇల్లు. అమ్మినాయన తాళాలు చేతికిస్తూ, "మా అమ్మ చివరిదాకా ఇక్కడే ఉందండి. స్నానానికి వెళ్ళి, కుళాయి దగ్గరే గుండె ఆగిపోయింది. మంచాన పడకుండా పోయింది, అదృష్టవంతురాలు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఆయన మాత్రం, "మనుషులు పోని ఇల్లు ఎక్కడుందే" అని తేల్చేశాడు.

చేరిన పదో రోజున మా నాలుగేళ్ళ పిల్ల స్నానాల గదిలోంచి వచ్చి, "అమ్మా, కుళాయి నా చెయ్యి పట్టుకుంటోంది" అంది. స్నానం ఎగ్గొట్టడానికి వేషాలని వీపు మీద ఒకటేశాను. ఆ దెబ్బ తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ అదే మాట. "గట్టిగా కాదమ్మా, మెల్లగా. లోపల ఎవరో ఉన్నారు."

వెళ్ళి కుళాయి పట్టుకుని చూశాను. ఏమీ లేదు. గీజర్ ఆపే ఉంది. నా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయన్న సంగతి అప్పుడు తట్టలేదు. పిల్ల తడి కాళ్ళతో గుమ్మం బయట నిలబడి, లోపలికి రానంటే రానంది.

ఆ వారమంతా ఇంటి తీరే మారిపోయింది. ఉత్తకాళ్ళతో వంటింటి కుళాయి తిప్పబోతే మోచేయి దాకా చీమలు పాకినట్టుండేది. సింకులోంచి గరిటె తీస్తే వేలు జివ్వుమనేది. ఎవరూ లేని గదిలో గోడ సన్నగా జుయ్యిమనేది. చదువుకున్నదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ ముసలావిడ ఇంకా వెళ్ళలేదేమోనని భయపడ్డాను. పట్టపగలు స్నానానికి వెళ్తూ తలుపు ఓరగా తీసి పెట్టుకునేదాన్ని. ఆఖరికి ఒకరోజు పిల్ల, "అవ్వ ఇవాళ గట్టిగా పట్టుకుంది" అంది. ఆ అవ్వ సంగతి దానికి ఎవరు చెప్పారో నేటికీ నాకు తెలియదు. వెంటనే బాబాయికి ఫోన్ చేసి, ముసలావిడతో సహా అంతా చెప్పాను.

బాబాయి వస్తూనే, "పిల్ల ఎక్కడ?" అన్నాడు.

"పక్కింట్లో ఆడుకుంటోంది."

"అక్కడే ఉండనీ."

స్నానాల గదిలోకి వెళ్ళి టెస్టరు మొన కుళాయికి ఆనించాడు. లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"గీజర్ ఆపేసే ఉంది కదా బాబాయ్."

"నువ్వు స్విచ్ ఆపావు. కరెంటు ఆగలేదు. బోర్డు మార్చినవాడెవడో తీగలు తారుమారు చేశాడు, స్విచ్ ఆపినా గీజర్లోకి కరెంటు వస్తూనే ఉంది." మెయిన్ దించాడు. ఇల్లంతా ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది. గోడలోని ఆ జుయ్యి కూడా పోయింది.

గీజర్ మూత విప్పాడు. కరెంటు లీకవుతున్నది అక్కడి నుంచే. లీకైన కరెంటును భూమిలోకి దించడానికే ఎర్త్ తీగ. బాబాయి ఆ పచ్చ తీగ వెంబడే వేలు పోనిచ్చాడు. అది గోడ మూలకు పోయి ఇనుప నీళ్ళ గొట్టానికి చుట్టి ఉంది. ఒకప్పుడు ఆ గొట్టం నేలలోకి దిగేది. తర్వాత ఎవరో నేలలోని ముక్క తీసేసి ప్లాస్టిక్ గొట్టం వేశారు. దాంతో భూమిలోకి దిగే దారి లేక, కరెంటు ఇంట్లోని ప్రతి కుళాయిలోనూ కాచుక్కూర్చుంది. తడి కాళ్ళతో నిలబడ్డ మనిషే దానికి దారి. మా పిల్ల రోజూ అలాగే నిలబడేది.

"ఏ బుద్ధిలేని వెధవ కట్టాడిది?" అన్నాను. నా నోరు అలాంటిది.

బాబాయి వేలితో కట్టు మీది దుమ్ము తుడిచాడు. మూడు చుట్లు, కొస వెనక్కి మడిచి, పైన నల్ల టేపు. ఆ కట్టు నేనెరుగుదును. చిన్నప్పుడు నా బల్లదీపానికి ఆయన వేసినదీ అదే.

"ముందు వైపంతా మారిపోయింది. ఇల్లు గుర్తుపట్టలేదు" అన్నాడు. "ఎర్త్ కోసం గుంత తవ్వడం దండగ, గొట్టానికి కట్టెయ్ అన్నారు ఇంటివాళ్ళు. కట్టేశాను. అప్పట్లో నాకు పాతికేళ్ళు కూడా లేవు." కట్టు మీంచి వేలు తీయకుండానే, "ఆ పెద్దావిడ ఎక్కడ పోయిందన్నావు?" అని అడిగాడు.

నేను కుళాయి వైపు చూశాను.

"గుండె అన్నారు బాబాయ్."

"కరెంటు పట్టుకున్నా ఆగేది గుండేనమ్మా."

పెరట్లో మూడు రోజులు తవ్వాడు. మా ఆయన పార అందుకోబోతే ఇవ్వలేదు. ఎర్త్ తీగను గుంతలోకి దింపి, గీజర్ మార్పించి, తీగలు సరిచేసి, లీకైతే రెప్పపాటులో కరెంటు తెంచేసే బ్రేకర్ పెట్టాడు. దాని మీది బటన్ నాచేత నొక్కించి, "నెలకోసారి నొక్కు. మీట కింద పడకపోతే నన్ను పిలువు" అన్నాడు. టెస్టరుతో ప్రతి కుళాయీ చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, స్నానాల గదిలో తడి నేల మీద నిలబడి, కుళాయిని అరచేత్తో పట్టుకున్నాడు. ఆయన దేన్నైనా అలా పట్టుకోవడం నేను చూడలేదు. చాలాసేపు వదల్లేదు.

"అవ్వ పట్టుకుందా తాతా?" అంది మా పిల్ల గుమ్మంలోంచి.

"లేదమ్మా. నేనే పట్టుకున్నాను."

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే సంచి తగిలించుకుని బయల్దేరుతున్నాడు. ఆ రోజుల్లో తాను గొట్టానికి కట్టిన ఇళ్ళన్నీ తిరిగి, తలుపు తట్టి, "మీ కుళాయి ఒక్కసారి చూడనివ్వండి" అంటాడు. చూడనిచ్చినవాళ్ళున్నారు, మతి పోయిందని తరిమినవాళ్ళూ ఉన్నారు. మొన్న ఉండబట్టలేక, ఇంకా ఎన్ని ఉన్నాయి బాబాయ్ అని అడిగాను.

"గుర్తున్నవన్నీ అయిపోయాయమ్మా" అన్నాడు. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.