డాక్టరు కాగితం కింద నా సంతకం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ఒక టీచరమ్మ నేర్పింది. అప్పటి నుంచి చదవకుండా దేని మీదా సంతకం పెట్టను. కోర్టులో ఆ పట్టుదలే నాకు అడ్డమొచ్చింది.

బొల్లారంలో మా పక్కింటావిడ నీళ్ల ట్యాంకర్ దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేను నెట్టానని కేసు పెట్టింది. నేను నెట్టలేదు. నా బిందె నేను లాక్కున్నాను, ఆమె పడింది. తప్పు ఒప్పుకుంటే రాజీకొస్తానంది. చెయ్యనిది ఎందుకొప్పుకోవాలి? ఈలోపు నేను ఆయాగా పనిచేసే మారేడ్‌పల్లి బడివాళ్లు కేసు తేలేదాకా రావద్దన్నారు.

ఆమె చేతికి కట్టు కట్టి, సాక్ష్యం చెప్పాల్సిన డాక్టరు ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఆయన రాడు, వాయిదా. మళ్లీ రాడు, మళ్లీ వాయిదా. చివరికి మా వకీలమ్మ, నా కూతురి వయసు పిల్ల, కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది.

"పెద్దమ్మా, డాక్టర్ సర్టిఫికెట్‌కి మనకు అభ్యంతరం లేదని రాసిన. కింద సంతకం పెట్టు. ఇగ ఆయన వచ్చే పని లేదు, కేసు ముందుకు పోతది."

సర్టిఫికెట్ ఇంగ్లీషులో ఉంది. "ఏముంది ఇండ్ల?" అన్నాను.

"చెయ్యి విరిగిందని. తెలిసినామె నెట్టిందని పేషెంట్ చెప్పిందని."

"నేను నెట్టలే."

"నెట్టినవని ఒప్పుకుంటలేం. కాగితం డాక్టర్ రాసిందే అని ఒప్పుకుంటున్నం, గంతే."

"అంటే కాగితం నిజం, లోపలిది అబద్ధమా?"

ఆమె నుదురు రుద్దుకుంది. "అది నీ పక్కింటామెను అడిగినప్పుడు తేలుస్త."

ఆ పక్కింటావిడ అదే బెంచీ చివర కూర్చుని అంతా వింటోంది.

"పెట్టక్కా జెర. పొద్దున వంట సుత చెయ్యకుండ వచ్చిన. నీ చదువు మా పానం తీస్తుంది."

"నా సంతకానికి నీకేంది తొందర?"

"చెయ్యి నాదే విరిగె, తిరుగుడు నాకే ఎక్కువాయె."

ఆ మాటకు నవ్వొచ్చింది. బిందె లాగడం కూడా నెట్టడమేనేమో అని మొదటిసారి అనుమానమూ వచ్చింది. అడుగుదామంటే వకీలమ్మ పెన్ను చేతిలో పెట్టేసింది. బడి గుర్తొచ్చి సంతకం పెట్టాను. రాని భాష కింద నా పేరు తెలుగులో గుండ్రంగా కూర్చుంది.

లోపల జడ్జిగారు అడిగారు. "అర్థమయినంకనే సంతకం పెట్టినవా అమ్మా?"

వకీలమ్మ తల ఊపమన్నట్టు చూసింది.

"కాగితం డాక్టరుదే సార్. నేనైతే నెట్టలే."

ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్పారు, టైపు చేసేవాడు కొట్టాడు. పక్కింటావిడ సాక్ష్యానికి తారీఖిచ్చారు. బయటికి రాగానే వకీలమ్మను అడిగాను.

"నేను చెప్పింది రాసిన్రా?"

"రాసిన్రు. అభ్యంతరం లేదని."

"రెండోది?"

"అది ఇయ్యాల అక్కర్లేదు పెద్దమ్మా."

బడికి ఫోన్ చేసి, కేసు ముందుకు పోయిందని చెప్పాను.

"ముందుకంటే ఎటు?" అంది హెడ్‌మిస్ట్రెస్.

వకీలమ్మను అడిగి చెప్తానన్నాను. చూస్తే ఆమె అప్పటికే ఇంకో కేసుకి లోపలికి వెళ్లిపోయింది.