ఉన్నదున్నట్టు చెప్పని లాంబెర్తో

మా లాంబెర్తోకి ఆరు భాషలు వచ్చు. ఒక భాషలో విన్న మాటను ఇంకో భాషలో ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం ఆ ఆరింటిలో దేనిలోనూ రాదు.

ఆయనది బెల్జియం. ఉద్యోగమున్నన్నాళ్ళూ మూడు దేశాల సరిహద్దులు దాటే రైల్లో టిక్కెట్లు తనిఖీ చేశాడు. రిటైరయ్యాక ఒక పాత మోటార్‌హోమ్ కొనుక్కున్నాడు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉండే ఇంటిబండి. అందులో నవంబరులో, అలాంటి బండ్లు అద్దెకు నిలుపుకునే మా క్యాంపుకు దిగితే మళ్ళీ ఏప్రిల్‌లోనే కదిలేవాడు. మా స్పానిష్ తీరమైన ముర్సియాలో చలికాలమంటే ఒక స్వెట్టరూ నాలుగు రోజుల గాలీ. అందుకే ఉత్తరాది దేశాల పెద్దవాళ్ళు, తమ ఊళ్ళో మంచు పారలతో ఎత్తిపోసుకోవలసిన రోజుల్లో, మా బాదం చెట్ల కింద బండ్లు నిలిపి, కుర్చీలు వేసుకుని, ఎండను ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కాపలా కాస్తుంటారు.

నాకు స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. మా ఆయన హినెస్‌కి స్పానిష్ అయినా తిట్టడానికి తప్ప పెద్దగా అక్కర్లేదు. వచ్చేవాళ్ళకు మా భాషలో "బీరు", "ఎండ", "రేపు" అనే మాటలు తెలుసు. ఈ మూడు మాటలతో ఆరు నెలలు గడవదు కదా. అందుకని మధ్యలో లాంబెర్తో.

డెట్లెఫ్ అని ఒక జర్మన్ ఉండేవాడు. లిఫ్టులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. లోకంలో ప్రతి వస్తువూ తన చేతిలో పడేదాకా పాడైపోయే ఉంటుందని ఆయన నమ్మకం. ఒక పొద్దున భుజం మీద తువ్వాలుతో, తలనిండా సబ్బు నురగతో క్యాంపులో నేను నడిపే బార్‌లోకి వచ్చి బల్ల గుద్ది మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి హినెస్‌నీ, ఒకసారి ఆకాశాన్నీ వేలెత్తి చూపించాడు.

"ఏమంటాడు?" అన్నాడు హినెస్.

లాంబెర్తో కాఫీ ఒక గుక్క తాగాడు. "స్నానం చేస్తున్నాట్ట."

"అది కనబడుతూనే ఉంది. ఇంతసేపూ అదే చెప్పాడా?"

"జర్మన్‌లో క్రియ చివర్లో వస్తుంది హినెస్. అది వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండాలి."

"ఇదిగో, ఇంకోసారి నా బల్ల గుద్దితే చెయ్యి విరగ్గొట్టి చేతికిస్తానని చెప్పు."

"తప్పకుండా," అని లాంబెర్తో జర్మన్‌లో మెల్లగా, మెత్తగా ఏదో చెప్పాడు. డెట్లెఫ్ పిడికిలి విచ్చుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, హినెస్‌కి తల వంచి, నురగ కార్చుకుంటూ వెళ్ళిపోయాడు.

"నేనన్నది చెప్పావా?"

"ఒక్క ముక్క తగ్గించలేదు."

"మరి తల వంచాడేం?"

"జర్మన్లకు క్రమశిక్షణ అంటే ప్రాణం," అని, లాంబెర్తో ఇంకో గుక్క తాగి, "అన్నట్టు హినెస్, ఆ స్నానాలగదుల వెనక ఏదో కుయ్‌మంటోంది. ఓసారి చూడరాదూ?" అన్నాడు.

హినెస్ వెళ్ళి చూస్తే బాయిలర్‌లో గ్యాస్ అయిపోయింది. ఆ రోజంతా లాంబెర్తో చెవులు ఎంత పదునైనవో చెప్పుకున్నాడు. చల్లనీళ్ళూ, నురగా, బాయిలరూ ఒకే కథ అని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

జనం గోరంతను కొండంత చేస్తారంటారు. లాంబెర్తో కొండంతను గోరంత చేసి, ఆ గోరును కూడా కత్తిరించి ఇచ్చేవాడు.

డోరీన్ అని ఒక ఇంగ్లీషామె ఉండేది. మనిషి సన్నగా, మర్యాదగా ఉండేది. ఆమె పిల్లి పేరు మేజర్. ఒక ఆదివారం నేను కుందేలు మాంసంతో అన్నం వండి ఆమెకో పళ్ళెం పట్టుకెళ్ళాను. మా ఊళ్ళో నా చేతి కుందేలన్నం తిని వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు. డోరీన్ పళ్ళెంలోకి చూసి, పెదవి కొరుక్కుని, చిన్న గొంతుతో ఏదో అంది.

"చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చిందంటోంది," అన్నాడు లాంబెర్తో.

"అయ్యో తల్లీ!" అని, అప్పట్నుంచీ ప్రతి చలికాలం, ప్రతి ఆదివారం రెండు పళ్ళేలు పంపించాను. డోరీన్ సన్నగానే ఉంది. మేజర్ మాత్రం తలుపు సందులో పట్టడం మానేశాడు.

"ఈ పిల్లి ఇలా ఊరిపోతోందేమండీ?" అని అడిగితే, "సముద్రపు గాలి పడింది," అన్నాడు లాంబెర్తో.

డోరీన్ తన బండి ముందు గాలికి మోగే గంటల గుత్తి ఒకటి వేలాడదీసింది. పక్క బండి డెట్లెఫ్‌ది. రెండు రోజులు గాలి వీచింది. మూడోరోజు ఆయన కత్తెర పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడి కేకలేశాడు. లాంబెర్తో చెప్పులీడ్చుకుంటూ వెళ్ళి, ఇద్దరి మధ్యా నిలబడి, అటొక మాటా ఇటొక మాటా చెప్పాడు. కాసేపటికి డోరీన్ సిగ్గుపడుతూ నవ్వింది. డెట్లెఫ్ తెల్లబోయి, చేతిలో కత్తెర ఉంది కదా అని ఆ తాడును తనే కత్తిరించి ఆమెకు అందించాడు. ఇద్దరూ కలిసి ఆ గంటలు తెచ్చి, సరిగ్గా నా నెత్తి మీద, బార్ గుమ్మానికి కట్టారు.

"నీకు కానుకట, కాసిల్దా," అన్నాడు లాంబెర్తో.

గంటల చప్పుడు నాకు సుతరామూ పడదు. కానీ కానుక. చలికాలమంతా నా తలలో అవే మోగాయి.

అలా ఐదు చలికాలాలు గడిచాయి. పక్క ఊరి క్యాంపులో కుర్చీ వేసుకునే చోటు కోసం కొట్టుకున్నారని, ఇంకోచోట పోలీసులొచ్చారని వినేవాళ్ళం. మాది మాత్రం చాలా ప్రశాంతమైన చోటని పేరు. అదంతా నా మంచితనమని నేనూ, తన పట్టు అని హినెసూ అనుకునేవాళ్ళం.

ఆరో చలికాలం, క్రిస్మస్ వెళ్ళాక, లాంబెర్తోకి గొంతు పోయింది. ఊళ్ళో డాక్టరమ్మ చూసి, మానేదాకా గుసగుస కూడా కూడదంది. సరిగ్గా అప్పుడే డెట్లెఫ్ కూతురు తండ్రి ఫోన్లో ఒక అనువాద యంత్రం పెట్టించింది. ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో ఒక ఆడగొంతు చెబుతుంది. దానికి కోపం లేదు, సిగ్గు లేదు, కాఫీ అక్కర్లేదు. అన్నది అన్నట్టే చెబుతుంది.

మొదటిరోజే డెట్లెఫ్ బార్‌లోకొచ్చి ఫోన్లో మాట్లాడి బల్ల మీద పెట్టాడు.

"నీళ్ళు మళ్ళీ చల్లగా ఉన్నాయి," అంది ఆ ఆడగొంతు చల్లగా. "ఈ యజమాని ఎప్పటిలాగే బద్ధకస్తుడు."

హినెస్ ఫోన్ లాక్కున్నాడు. "ముందు నా పనిముట్లు ముట్టుకోవడం మానమను. ఐదేళ్ళుగా నా గేటు విప్పుతాడు, నా పంపు విప్పుతాడు, వీణ్ణి ఎవడు పిలిచాడు!"

అది జర్మన్‌లో వినగానే డెట్లెఫ్ ముఖం ముడుచుకుపోయింది. "మీరే కదా పిలిచారు," అంది ఫోను. "నా చేతులంటే మీకు నమ్మకమని ప్రతిసారీ చెప్పించారు."

ఇంతలో డోరీన్ వచ్చింది. ఆమె మర్యాదగా ఫోను అడిగి తీసుకుని మర్యాదగా మాట్లాడింది. ఫోను నాతో చెప్పింది: "చిన్నప్పుడు నేను ఒక కుందేలును పెంచుకున్నాను. దయచేసి ఇక పంపకండి. అంతా పిల్లి తింటోంది."

ఐదేళ్ళ ఆదివారాలు! నేను ఆ గంటలు పీకి ఆమె చేతిలో పెట్టాను. "ఇవి నాకసలు ఇష్టం లేదని చెప్పు," అని ఫోన్ మీద అరిచాను. అది అరవకుండానే చెప్పింది. డోరీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డెట్లెఫ్ ఆ గంటల్ని చూసి ఇంకేదో అన్నాడు. అది కూడా చెప్పింది.

రెండు రోజుల్లో మా ప్రశాంతమైన క్యాంపులో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. డెట్లెఫ్ బండి ముందరి నీడగుడ్డ చుట్టేసి, చక్రాలకింది దిమ్మలు తీసేశాడు. డోరీన్ మేజర్‌ను బుట్టలో పెట్టడానికి ప్రయత్నించి, బుట్ట చాలక, ముందు సీట్లో కూర్చోబెట్టింది. ఆ వయసులో ఒంటరిగా ఆ కొండదారిన ఎలా పోతుందో అనుకున్నాను. కానీ నా కుందేలన్నం కూడా చిన్న విషయం కాదు.

వెళ్ళేముందు ఒక్క పని మిగిలింది. ఇన్నాళ్ళూ ఎందుకలా చెప్పాడో అడగడానికి నలుగురం కలిసి మధ్యాహ్నం లాంబెర్తో బండి తలుపు కొట్టాం. ఆ రెండు రోజుల్లో మేం కలిసి చేసిన పని అదొక్కటే.

ఆయన మెడకు శాలువా చుట్టుకుని వేడినీళ్ళు తాగుతున్నాడు. డెట్లెఫ్ ఫోను ఆయన మూతి ముందు పెట్టాడు. లాంబెర్తో డాక్టరమ్మ మాట తప్పి ఫ్రెంచిలో ఏదో గుసగుసలాడాడు.

"నా గొంతులో పిల్లి ఉంది," అంది ఫోను, ముందు నాతో, తర్వాత ఇంగ్లీషులో డోరీన్‌తో.

డోరీన్ కెవ్వుమని తన బండి వైపు పరిగెత్తింది. మేజర్ ముందు సీట్లోనే, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుని తిరిగొచ్చింది. గొంతు బొంగురుపోతే ఫ్రెంచివాళ్ళు అలా అంటారని లాంబెర్తో చేతులతో చెప్పబోయి, ఇంకా భయపెట్టాడు.

నేను ఆగలేకపోయాను. ఫోన్ అందుకున్నాను. "మీరంతా నాకు ఇంటివాళ్ళు అనుకున్నాను. ఇన్నేళ్ళు ఉండి, ఇప్పుడు ఒక్క మాటకు వెళ్ళిపోతారా?"

డెట్లెఫ్ విని, చాలా చిన్నగా జవాబు చెప్పాడు. ఫోను అంది: "ఉండమన్నది మీరే. మొదటి ఏడాది మీరు అందరినీ పిలిచి, ఏడుస్తూ బతిమాలారు. అందుకే ఉన్నాను. అందుకే ప్రతి ఏడూ వచ్చాను."

"నేనా? బతిమాలానా?"

ఏడ్చిన మాట నిజం. ఆ మొదటి చలికాలం హినెస్ వెన్నుపూస జారి మంచాన పడ్డాడు. స్నానాలగదులు, బార్, కాపలా అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇక నావల్ల కాదని, స్థలం పక్క టమాటా తోటల వాళ్ళకు అమ్మేద్దామని నిశ్చయించుకుని, అందరినీ బార్ ముందు నిలబెట్టి, "మూసేస్తున్నాం. వారంలోగా అందరూ వెళ్ళిపోండి," అన్నాను. లాంబెర్తో కుర్చీ ఎక్కి రెండు మూడు భాషల్లో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మూసేస్తున్నామంటే చప్పట్లేమిటండీ?" అని అడిగాను.

"వాళ్ళ దేశాల్లో అది సానుభూతి," అన్నాడు. "హినెస్ లేచేదాకా కదలం అంటున్నారు."

మర్నాడు పొద్దున చూస్తే డెట్లెఫ్ చీపురు పట్టుకుని స్నానాలగదులు కడుగుతున్నాడు. డోరీన్ ఆఫీసు కుర్చీలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వచ్చే ఫోన్లన్నీ ఎత్తి మర్యాదగా పెట్టేస్తోంది. రోజులు గడిచాయి. హినెస్ లేచాడు. అమ్మకం మాట నేనే మరిచిపోయాను.

"నేను వెళ్ళిపొమ్మన్నాను," అన్నాను ఫోన్‌తో. "ఆయన మీకేం చెప్పాడు?"

డెట్లెఫ్ లాంబెర్తో వైపు చూస్తూ చెప్పాడు. ఫోను దాన్ని ఉన్నదున్నట్టే నాకిచ్చింది: "కాసిల్దా మొగుడు మంచంలో ఉన్నాడు. ఆమెకు సాయం కావాలి. అడగడానికి అభిమానం అడ్డొస్తోంది. మీరు వెళ్ళకండి."

ఆ రోజు నా కడుపులో ఉన్న మాట సరిగ్గా అదే. నేను మాత్రం దాన్ని ఏ భాషలోనూ అనలేదు.

డోరీన్ ఫోను తీసుకుని రెండే ముక్కలు అంది. ఆ ఏడాది ఆమె ఇల్లు అమ్ముకుని వచ్చిందట. వెళ్ళిపొమ్మంటే వెళ్ళడానికి ఆమెకు ఇంకో చోటు లేదట. ఆ సంగతి ఒక్క లాంబెర్తోకే తెలుసట.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన వేడినీళ్ళ గ్లాసులోకి చూస్తూ, ఎవరిదో టిక్కెట్టు తనిఖీ చేస్తున్నంత శ్రద్ధగా అందులో ఏదో వెతుకుతున్నాడు.

హినెస్ దగ్గాడు. "సరే గానీ, ముందు ఈ పెద్దాయన గొంతు బాగుచెయ్యండి. ఈ ఫోను నోరు మంచిది కాదు."

డెట్లెఫ్ ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం నేను తేనె నిమ్మకాయ రసం తెచ్చాను, డోరీన్ తన టీ తెచ్చింది, డెట్లెఫ్ తన తాత కాలం నాటి ఏదో మూలికల సారా తెచ్చాడు. మేం ముగ్గురం నిలబడి చూస్తుంటే లాంబెర్తో మూడూ తాగాడు. వద్దనడానికి ఆయనకు గొంతు లేదు.

బాదం పూలు రాలేనాటికి మాట వచ్చింది. మర్నాడే డెట్లెఫ్ బార్‌లోకొచ్చి హినెస్‌తో గట్టిగా ఏదో అన్నాడు. హినెస్ ఇంకా గట్టిగా ఏదో అన్నాడు. తర్వాత ఇద్దరూ ఆగి, బుద్ధిగా లాంబెర్తో వైపు చూశారు. ఆయన చెప్పింది విని ఇద్దరూ సంతోషంగా చేతులు కలుపుకున్నారు. ఒక్క అక్షరం కూడా నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్‌లో ఆయన బయల్దేరే ముందురోజు బార్‌లో మేమిద్దరమే ఉన్నాం. "అందరి మాటలూ మీరు చెప్పారు," అన్నాను. "మీ మాట ఎవరు చెబుతారండీ? మేమంటే మీకు అసలేమనిపిస్తుంది?"

లాంబెర్తో బాదం చెట్లకేసి తిరిగాడు. తర్వాత నేనెప్పుడూ వినని భాషలో, బహుశా వాళ్ళ పల్లెలో వాళ్ళమ్మ మాట్లాడిన భాషలో, నెమ్మదిగా చాలాసేపు చెప్పాడు. ఆ భాష తెలిసినవాళ్ళు మా తీరంలో ఎవరూ లేరు.

"అంటే?" అన్నాను.

"కాఫీ చల్లారిపోయింది అన్నాను."

కప్పులోకి చూశాను. అది ఎప్పుడో ఖాళీ అయింది. ఇంకో కాఫీ పెట్టడానికి లేచాను.