ఒక సాలు దున్నిచూడని లాప్‌టాప్

ఆ రోజుల్లో మనకు తెలిసిందే లోకమనీ, పెద్దవాళ్లకు తెలిసిందంతా పాతదనీ నాకొక గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకానికి ఇరవై రెండేళ్లు. నాకూ అంతే.) తిరుపతిలో ఎం.సి.ఏ. ఆఖరి ఏడాది చదువుతూ, ప్రాజెక్టు లైనక్స్ మీద మొదలుపెట్టాను. ఎవరైనా ఉచితంగా వాడుకుని, లోపలి రాతంతా విప్పి చూసుకోగల ఆపరేటింగ్ సిస్టం అది. కాలేజీ లాబ్‌లోని మిషన్లు నా ప్రాజెక్టును మోయలేక ఆగిపోతుంటే, వెనక బెంచీ నుంచి "ఆడపిల్లోళ్లకు లైనక్స్ ఎందుకబ్బా" అని ఒక గొంతు వినిపించింది. రోషం పొడుచుకొచ్చి, లెక్చరర్ వైపు తిరిగి, "సోమవారం నా సొంత లాప్‌టాప్ మీదే నడిపి చూపిస్తా సార్" అనేశాను. అది బుధవారం. అప్పటికి నా సొంతమని చెప్పుకోవడానికి ఒక గొడుగు మాత్రమే ఉండేది.

కొత్తది కొనే స్తోమత లేదు. గేములు ఆడి ఆడి రెండు పేపర్లు పోగొట్టుకున్న ఒక సీనియర్ (మాకందరికీ గేమన్న) ఇంట్లో తిట్లు పడలేక తన గేమింగ్ లాప్‌టాప్‌లు రెండూ అమ్మేస్తున్నాడని తెలిసింది. మగపిల్లల గదికి నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక, నాయన మా ఊరు ఐరాల నుంచి మా మామను తోడు పంపించాడు. మామకు కంప్యూటర్లు తెలియవు, ఎద్దులు తెలుసు. చుట్టుపక్కల ఎవరు జత కొనాలన్నా సంతకు ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు.

గురువారం వెళ్లాం. రెండు లాప్‌టాప్‌లలో ఒకటి కీబోర్డు కింద ఎర్ర లైట్లతో వెలిగిపోతోంది. రెండోది ఇటుకంత మందం, నాలుగు అక్షరాలు అరిగి కనిపించడం లేదు. నా మనసు ఎర్రదాని మీద పడింది. మామ రెండింటి కడుపు కింద చెయ్యి పెట్టి వేడి చూసి, ఫ్యాను దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"పాపా, నువ్వు దేంతో దున్నాల?"

"సంచిలో లైనక్స్ సీడీ ఉండాది మామా."

"అయితే ఏసి సూడు. మడక కట్టి ఒక సాలు దున్నిచ్చకుండా ఎద్దును ఎవురన్నా తోలుకొస్తారా?"

నేను ఆయన చెవిలో, "అడిగితే బాగుండదు మామా, తెలిసినాయన. నమ్మకం లేదనుకుంటాడు" అన్నాను. (సీడీ వేస్తే ఆ ఎర్రదాన్ని వద్దనుకోవాల్సి వస్తుందేమోనన్నది అసలు భయం.) మామ నిట్టూర్చి, గేమన్నను వరండాలోకి తీసుకెళ్లి, చేతిలో చెయ్యి వేయించుకుని ఏదో మాట్లాడాడు. బేరమాడుతున్నాడేమో అనుకుని సిగ్గుపడ్డాను.

ఎర్రదాన్నే కొనుక్కుని, హాస్టల్‌కు తెచ్చి సీడీ వేస్తే, తెర మీద అక్షరాలు కాసేపు పరుగెత్తి, అంతా నల్లబడిపోయింది. దాని గ్రాఫిక్స్ కార్డుకూ లైనక్స్‌కూ బొత్తిగా పొత్తు కుదరలేదు. శుక్రవారమంతా కుస్తీ పట్టాను. ఎర్ర లైట్లు మాత్రం ఏ లోటూ లేకుండా వెలిగాయి. సోమవారం వెనక బెంచీ నవ్వు ఇప్పుడే చెవుల్లో వినిపిస్తుంటే, శనివారం పొద్దున మామకు ఫోన్ చేసి ఏడ్చేశాను.

"ఏడస్తావెందుకు? మొదటి బస్సుకే వస్తా" అన్నాడు.

వచ్చి, నన్నూ లాప్‌టాప్‌నూ వెంటబెట్టుకుని నేరుగా గేమన్న తలుపు తట్టాడు. "సూడప్పా, ఎద్దు కాడి కింద పండుకునింది. మూడు పొద్దుల్లో తెస్తే మార్చిస్తానని నా చేతిలో చెయ్యేసినావు గదా" అన్నాడు. వరండాలో జరిగింది బేరం కాదని, సంతలో మామ ఎప్పుడూ తీసుకునే మాటేనని నాకప్పుడు తెలిసింది. గేమన్న తల గోక్కుని, "మాట మాటేలే మామా" అంటూ ఇటుకను ముందుకు జరిపాడు. ఈసారి నన్నెవరూ అడగకముందే సీడీ తీశాను. ముగ్గురం దాని మీదికి వంగాం. తెర మీద బొమ్మ తేటగా వచ్చింది.

"దున్నింది పాపా!" అని మామ తొడ మీద కొట్టుకున్నాడు. సోమవారం నా ప్రాజెక్టు నడిచింది. వెనక బెంచీ గొంతు మరునాడు మెల్లగా వచ్చి, "ఆ సీడీ ఒకసారి ఇస్తావా?" అని అడిగింది.

ఇప్పుడు మా ఆఫీసులో ఏ మిషన్ కొనాలన్నా నన్నే అడుగుతారు. మామ దగ్గర ఎద్దులు లేవు. పోయినేడు పాకాలలో ఎవరిదో పాత ట్రాక్టరు చూడటానికి వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "ఎర్రంగా ఎంత బాగుండాదో పాపా! నిన్ననే రంగేసినారంట."

"దున్ని చూసినావా మామా?"

మామ గొంతు తగ్గించి, "అడిగితే బాగుండదేమో పాపా. తెలిసినోళ్లు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎర్ర లైట్ల ముందు కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీద ఇన్నేళ్లుగా మోస్తున్న కోపం అంతటితో పోయింది.

"కదలొద్దు మామా, మొదటి బస్సుకే వస్తా" అన్నాను.