గేటు దాటిన బావ

అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా. లారీ ముందద్దానికి లోపలివైపు అంటిస్తారు. టోల్‌గేటు దగ్గరికి రాగానే కుయ్‌మంటుంది, అడ్డకర్ర లేస్తుంది, డబ్బు దానంతటదే పోతుంది. దాని పేరు ట్యాగు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ దానికి నెలనెలా అద్దె కట్టాలి. గేటు రుసుము ఓనరు కడతాడు, ట్యాగు అద్దె మాత్రం డ్రైవరు కట్టుకోవాలి. అదేంటండీ అని అడిగితే, ట్యాగు మీ సౌకర్యానికే కదా అన్నాడట. సౌకర్యం ఎవరిదో మాకు తెలీదూ? ఏ లారీ ఏ గేటు ఎప్పుడు దాటిందో ఆయన ఫోనుకి మెసేజి వస్తుంది. ఎవడు ఎక్కడ ఆగాడో, ఎవడికి కునుకు పట్టిందో కుర్చీలోంచి లేవకుండా పట్టేస్తాడు. మెడకి తాడు కట్టి, ఆ తాడుకి అద్దె కూడా ఆ మెడ దగ్గరే వసూలు చేసే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

లారీల యార్డు మూలనున్న క్యాంటీను నాది. డ్రైవర్లకి టీ పోసీ పోసీ నా నోరు కూడా వాళ్ళ నోరులాగే తయారైంది, మొహమాటం తెలీదు. అందుకే టార్పాలినక్క సంగతి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నా క్యాంటీనుకి ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడుతుంది. అరచేతికి తోలుముక్క కట్టుకుని దబ్బనంతో పురికొస లాగుతుంటే మగవాళ్ళు కూడా ఆగి చూస్తారు. అంత మొద్దుగుడ్డని చొక్కా కుట్టినట్టు కుట్టేస్తుంది. వయసులో నాకంటే బాగా చిన్నది, నన్ను పిన్నీ అంటుంది. యార్డంతా మాత్రం ఆమెని అక్క అంటుంది.

ఆమె మొగుడు ఈ యార్డులోనే డ్రైవరు. మెల్లగాడని పేరు. తిండి మెల్ల, నడక మెల్ల, ఇవాళ జోకు చెబితే రేపు నవ్వేవాడు. కానీ ఇన్నేళ్ళలో ఒక్క లారీకి గీత పడనివ్వలేదు. అక్కకి ఒక తమ్ముడున్నాడు. తల్లి పోయిన నాటినుంచి ఆమే పెంచింది, నోట్లో ముద్ద తీసి వాడి నోట్లో పెట్టింది. మెల్లగాడు వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పి, ఓనరు కాళ్ళావేళ్ళా పడి యార్డులో పెట్టించాడు. వాడికి బావంటే ప్రాణం. అలా అనేవాడు మరి.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. డ్రైవర్లు ట్యాగుకి ఒక విరుగుడు కనిపెట్టారు. ఎవడికైనా ఒళ్ళు బాగోకపోతే, ఇంటి దగ్గర పనిబడితే, అద్దం మీంచి ట్యాగు ఊడబీకి వెనకాల వచ్చే మన యార్డు లారీవాడికి ఇస్తాడు. వాడు రెండు ట్యాగులూ పక్కపక్కన పెట్టుకుని గేటు దాటతాడు. గేటు రెండింటినీ చదివేస్తుంది. రెండు లారీలూ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయనుకుని ఓనరు కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటాడు. ట్యాగు ఇచ్చినవాడు తర్వాత గేటు లేని పక్కరోడ్డున యార్డుకి చేరతాడు. దీన్ని వాళ్ళు "బిడ్డని ఎత్తుకోవడం" అంటారు. బిడ్డని ఎత్తుకోనన్నవాడు లేడు, ఎందుకని అడిగినవాడూ లేడు. ఆ సంగతి బయట చెప్పినవాడు అసలే లేడు. యార్డులో ఇన్ని గొడవలున్నా ఆ ఒక్క మాట దగ్గర అందరూ ఒకటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ట్యాగు అద్దె ఏ ఫోను నంబరు నుంచి కడితే ఆ నంబరుకి కూడా గేటు మెసేజి వస్తుంది. మెల్లగాడికి ఫోనులో డబ్బు కట్టడం చేతకాదు. అక్క నంబరు ఇచ్చాడు. అందుకని ఆయన ఏ గేటు దాటినా షెడ్డులో అక్క ఫోను కుయ్‌మనేది. చివరి గేటు మెసేజి రాగానే దబ్బనం గుడ్డలో గుచ్చేసి లేచేది. యార్డు వెనక డ్రైవర్ల గదుల్లో వాళ్ళదొకటి. ఆయన లారీ ఆపి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కంచంలో అన్నం పొగలు కక్కుతుండేది.

ఆ రోజు మెల్లగాడు సరుకు దించేసి ఖాళీ లారీతో తిరిగొస్తున్నాడు. తమ్ముడు ఆయన వెనకాలే ఇంకో లారీలో ఉన్నాడు. మధ్యాహ్నమంతా గేటు తర్వాత గేటు మెసేజిలు వచ్చాయి. చీకటిపడ్డాక చివరిది రాగానే అక్క వెళ్ళి వంట చేసింది. వడ్డించి చూస్తే గుమ్మంలో తమ్ముడొక్కడే ఉన్నాడు. బావేడీ అంది. వాడు చొక్కా జేబులోంచి ట్యాగు తీసి చూపించి నవ్వాడు. బావకి గుండెల్లో మంటగా ఉందట, రోడ్డు పక్క లారీలు ఆగే చోట పడుకున్నాడట, బిడ్డని తను ఎత్తుకొచ్చాడట. గుండెల్లో మంటంటే ఒక్కణ్ణే ఎలా వదిలేసి వచ్చావురా అని అక్క గాభరా పడింది.

"గ్యాసే అయుంటుందక్కా. మా బావ నిద్ర కూడా మెల్లగానే లేస్తాడులే" అన్నాడు. అని, బావకి వడ్డించిన కంచం ముందుకి లాక్కుని తిన్నాడు. రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు కూడా. ఆమె ఫోను చేస్తూనే ఉంది, అవతల మోగుతూనే ఉంది. వెనక్కి వెళ్ళి చూసి రారా అని బతిమాలింది. ఖాళీ లారీ మళ్ళీ అటు వెళితే ఓనరు ఫోనులో పడుతుందక్కా, పొద్దున చూద్దాం అన్నాడు. పొద్దున అక్కడ ఊడ్చే ఆవిడ లారీ తలుపు కొట్టింది. మెల్లగాడు స్టీరింగు మీదకి వాలి ఉన్నాడట, ఒళ్ళు చల్లబడి. ఎప్పుడు పోయాడో డాక్టరు కూడా సుమారుగానే చెప్పాడు.

పని మీద ఉండగా డ్రైవరు పోతే ఓనరు పరిహారం ఇవ్వాలి. అది చేతికొస్తే అక్కకి బతుకు నిలబడుతుంది, లేకపోతే గది కూడా ఖాళీ చేయాలి. ఆమె వెళ్ళి అడిగింది, నేనూ తోడు వెళ్ళాను. ఓనరు ఫోను తీసి మెసేజిలు చూపించాడు. చివరి గేటు దాటాడు కాబట్టి డ్యూటీ అయిపోయిందన్నాడు. ఆ తర్వాత నా లారీ వేసుకుని సొంత పని మీద పక్కరోడ్డున వెనక్కి పోయాడు, డీజిలు ఖర్చు నేనే అడగాలి అన్నాడు. ఆయన ఆ గేటు దాటలేదండీ, అక్కడే చచ్చిపోయాడు అంది అక్క.

"నా ఫోను ప్రకారం మీ ఆయన చావలేదమ్మా. గేటు దాటాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ట్యాగులు చేతులు మారతాయి, మీ డ్రైవర్లందరూ చేసేదే అని మొహానే చెప్పేశాను. నువ్వు చూశావా అన్నాడు. నేనెక్కడ చూశాను, నా బతుకంతా పొయ్యి దగ్గరే. డ్రైవర్లని పిలిచి అడిగితే ఒక్కడి నోట మాట లేదు. రోజూ నా క్యాంటీనులో కప్పులు పగిలేలా అరుచుకునేవాళ్ళు ఒక్కసారిగా మూగవాళ్ళయిపోయారు. నిజం చెబితే ఇక బిడ్డని ఎత్తుకోవడం ఉండదు, అందరి ఉద్యోగాలూ ఊడతాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క సాక్షి. ట్యాగు తన చేత్తో మోసినవాడు.

కార్మికుల గొడవలు తీర్చే ఆఫీసరు ముందు ముగ్గుర్నీ నిలబెట్టారు, ఓనర్నీ, అక్కనీ, తమ్ముణ్ణీ. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. అక్క మొహంలో దిగులున్నా భయం లేదు. తమ్ముడే కదా సాక్షి. మీ బావ ఆ రోజు చివరి గేటు దాటాడా అని ఆఫీసరు అడిగాడు. వాడు అక్క వైపు చూడలేదు.

"దాటాడండి. నా వెనకాలే వచ్చాడు. నేను చూశాను."

అక్క వాడి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఫైలు మూసేశారు. బయట మెట్ల మీద వాడు, నాకూ పెళ్ళాం ఉందక్కా అని ఏదో గొణిగాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, కంచంలో తిని ఆ కంచమే కాజేసినవాణ్ణి అప్పుడే చూడటం. మెల్లగాడు నడిపిన లారీ యార్డులోకెల్లా కొత్తది. అది తమ్ముడికి ఇచ్చారు. వాడు జేబులో ఉన్న ఆ ట్యాగునే గుట్టుగా మళ్ళీ ఆ అద్దానికి అంటించుకున్నాడు. అక్క గది ఖాళీ చేసి షెడ్డు వెనక రేకుల కింద సామాను పెట్టుకుంది.

నెల తిరిగేసరికి ట్యాగు అద్దె కట్టమని అక్క ఫోనుకి మెసేజి వచ్చింది. నంబరు మార్చాలని ఎవరికీ తోచలేదు. నేను చూస్తుండగానే కట్టేసింది. పోయినాయన మెడ తాడుకి నువ్వు అద్దె కట్టడమేంటే, నీకేమన్నా పిచ్చా అని అరిచాను. ఉండనీ పిన్నీ అంది. మొగుడి మీద మమకారం కాబోలు, ఆ కుయ్ వినిపిస్తే ఆయన ఇంకా తిరుగుతున్నట్టు ఉంటుంది కాబోలు అనుకుని నేను కళ్ళు తుడుచుకున్నాను కూడా. నా అంత వెర్రిబాగులది ఇంకొకతి లేదు.

ఒకరోజు టీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్ళాను. ఫోను కుయ్‌మంది. అక్క దబ్బనం గుడ్డలో గుచ్చి ఫోను తీసి తమ్ముడికి కలిపింది. కుశలమేమీ అడగలేదు.

"మీ బావ దాటాడా?" అంది.

 అవతల లారీ చప్పుడు మధ్య వాడి గొంతు వినిపించింది. "దాటాడక్కా." ఆమె ఫోను పెట్టేసి మళ్ళీ కుట్టుకుంది. ఇంకో గేటు దగ్గర మళ్ళీ కుయ్‌మంది, మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. ప్రతి గేటుకీ అంతేనట, మొదటి నెలనుంచీ. 

వాడు మాత్రం ఎందుకు పలుకుతున్నాడంటారా? ఒకసారి పలకలేదు. ఆ నెల ఆమె అద్దె ఆపేసింది. వాడు గేటు దగ్గరికొచ్చేసరికి ట్యాగు చచ్చిపోయి ఉంది. అడ్డకర్ర లేవలేదు, వెనకాల లారీలన్నీ హారన్లు మోగిస్తూ బూతులు తిట్టాయి, జేబులోంచి రెండింతల రుసుము కట్టి బయటపడ్డాడు. ఆలస్యమైందని ఓనరు జీతంలో కోశాడు. నంబరు మార్పించుకుందామని ట్యాగు ఆఫీసుకి వెళితే, పాత నంబరువాళ్ళు ఒప్పుకోవాలన్నారు. ఓనరుని అడిగితే, అద్దె మీ అక్క కడుతోంది కదా, నీకెక్కడ నొప్పి అన్నాడు. నొప్పి ఎక్కడో ఆయనకి చెప్పాలంటే ఆ రోజు సంగతంతా చెప్పాలి. మింగలేడు, కక్కలేడు.

వాడు చిక్కి సగమయ్యాడు. గేటు కనపడితే చాలు చేతులు చెమట పడుతున్నాయని వాడి పెళ్ళాం నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఎంత కోపమున్నా పెంచిన చేతులు కదా అని అక్కకి నచ్చజెప్పబోయాను. చాల్లేవే, వాడికి బుద్ధొచ్చింది, వదిలెయ్ అన్నాను.

"ఆయన అక్కడ ఎంతసేపు కొట్టుకున్నాడో నాకు తెలీదు పిన్నీ" అంది. "నాకు ఒక్క రోజు కూడా నిద్ర లేదు. వీడికి మాత్రం ఎందుకుండాలి?" 

మొన్న వాడే వచ్చాడు. లారీ యార్డులో వదిలేసి, ఊడబీకిన ట్యాగు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నిజం చెప్పేస్తానక్కా, ఆఫీసరు దగ్గరికి ఇప్పుడే పోదాం పద, ఉద్యోగం పోతే పోనీ అని వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పీలుకి గడువు ఎప్పుడో దాటిపోయిందని వాడికీ తెలుసు, ఆమెకీ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చాడు. అయినా నాకు జాలేసింది. ఇప్పుడైనా వాడి తల నిమురుతుందేమో, చిన్నప్పుడు నిమిరినట్టు, అనుకున్నాను.

అక్క పురికొస కొరికి తెంపింది. ట్యాగు తీసుకుని వెనక అంటిన దుమ్ము గుడ్డముక్కతో తుడిచింది. జిగురు ఇంకా పట్టుతోందా అని వేలితో నొక్కి చూసి, వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఈ నెల అద్దె కట్టేశాన్రా. వెళ్ళి అంటించుకో" అంది.

 వాడు లేచి వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి ఫోను కుయ్‌మంది. అక్క దబ్బనం గుడ్డలో గుచ్చి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.