గడియ వేసిన పురిటిగది

మొన్న మధ్యాహ్నం, పురుడై ఇంటికి వచ్చిన మా మనవరాలి గదిలోంచి కోడలి గొంతు వినబడింది. "పగలు తొంగోకే, ఒళ్ళు నీరెక్కీస్తాది" అంటోంది. కసురుకున్నదేమీ కాదు, ఉయ్యాల ఊపుతూ మామూలుగా అన్న మాటే. హాల్లో పేపరు చదువుకుంటున్న నేను మాత్రం ఉలిక్కిపడి లేచి, "ఆ పిల్లను పడుకోనివ్వమ్మా!" అని ఎంత గట్టిగా అరిచానంటే, అంట్లు తోముతున్న మనిషి కూడా చేతులు కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను గొంతు పెంచడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. కోడలు బిత్తరపోయింది. ఆమెననడానికి లేదు, అది వాళ్ళమ్మ చెప్పిన మాట, వాళ్ళమ్మకు అంతకు ముందువాళ్ళు చెప్పిన మాట. నాకు మాత్రం ఆ మాట వింటే లోపల గడియ పడిన ఒక తలుపు కళ్ళకు కడుతుంది.

అరవైల చివరి రోజులవి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి శ్రీకాకుళంలో గది తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రం బస్సెక్కి నరసన్నపేట దగ్గర మా ఊరికి వెళ్ళి, సోమవారం పొద్దున్నే తిరిగి వస్తుండేవాణ్ణి. అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి మగపిల్లవాణ్ణి కంది. మా ఇల్లంటే అప్పుడు ఆడవాళ్ళ ఇల్లు. అమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, మేనత్త, వీళ్ళు చాలనట్టు వీధిలోని వరసైన వాళ్ళందరూ. అక్క కాలు కింద పెట్టనక్కరలేదు. ఒకరు నలుగుపెట్టి మరిగిన నీళ్ళు పోస్తే, ఒకరు తల తుడిచి సాంబ్రాణి పొగ వేసేవారు. వెల్లుల్లి కారం, కాయం ఉండలు, పథ్యపు కూర వేళకు పళ్ళెంలో ఉండేవి. అంత సేవ ఏ మహారాణికి దక్కుతుందని మేనత్త మేలమాడేది.

అయితే ఆ సేవలో ఒక నియమం ఉండేది. బాలింతరాలు పగలు కన్ను మూయకూడదు. మూస్తే ఒళ్ళు నీరు పడుతుందని, తల బరువెక్కి జన్మంతా వదలదని పెద్దల నమ్మకం. నా ఈడు వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అందుకని అక్కను గోడకు చేరేసి కూర్చోబెట్టి, ఆడవాళ్ళందరూ వంతులు వేసుకుని ప్రేమగా, నవ్వుతూ, ఒక్క నిమిషం కునుకు పట్టనివ్వకుండా కాపలా కాసేవారు. అన్నం తినగానే మేనత్త గవ్వలు పట్టుకొచ్చి అష్టాచెమ్మా పరిచేది. అక్క తల వాలిపోతే పెద్దమ్మ తడిచేత్తో మొహం తుడిచేది. "ఓలమ్మా, నీ కాయ సచ్చిపోతన్నాది, సూసుకోయే!" అని అందరూ గొల్లున నవ్వేవారు. ఇక రాత్రంతా పిల్లవాడి ఏడుపు సరేసరి.

వారానికొకసారి చూసేవాణ్ణి గనుక మార్పు నాకు బాగా కనబడేది. మొదటి వారం పిల్లవాడి వేళ్ళు నా చేతికి అందించి మురిసిపోయిన అక్క, తరవాతి వారం అడిగిన మాటకు కాసేపు ఆగి జవాబు చెప్పింది. ఆ పై వారం వాసాల వంక చూస్తూ కూర్చుంది. నేను పురిటిగది కిటికీ దగ్గరకు వెళితే, ఒళ్ళోని బిడ్డను చూపించి, "ఒరే, ఈడెవలి కొడుకురా?" అంది. మేనత్త పకపకా నవ్వి, "మీ ఆయన ముక్కే దిగీసినాది, సూడలేదేటే?" అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఎవరో వచ్చి తీసుకువెళ్ళాల్సిన సామాను చూసినట్టు వాణ్ణి చూసింది.

ఆ మర్నాడు ఆదివారం. గరివిడి వైపు నుంచి అక్క అత్తగారు మనవణ్ణి చూడడానికి వస్తున్నారని ఇల్లంతా హడావిడి. ఆవిడ నోటికి మా అమ్మ హడలిపోయేది. ఆడవాళ్ళందరూ వంటింట్లో ఉన్నారు. బండి వచ్చి ఆగిన చప్పుడుకు నేను వీధిలోకి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే దిగి, మా అరుగు ముందు కొయ్యబారి నిలబడి ఉంది. అరుగు మీద, ఎండ పడుతున్న చోట, చేటలో పసివాడు కాళ్ళు తన్నుకుంటూ ఎర్రగా కందిపోయి ఏడుస్తున్నాడు. దగ్గర ఎవరూ లేరు.

ఆవిడే వాణ్ణి ఎత్తుకుని లోపలికి నడిచింది. పురిటిగదికి లోపల గడియ పడి ఉంది. తలుపు బాదాం, పేరు పెట్టి పిలిచాం, అలికిడి లేదు. నేను పెరటి కిటికీ సందులోంచి చూశాను. అక్క నేల మీద చాప కూడా లేకుండా, ఒక చెయ్యి వీపు కింద నలిగిపోతూ, పడి ఉంది. ప్రాణం పోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి గాని పమిట కదలడం కనబడలేదు. "ఊపిరాడుతోంది!" అని కేక వేశాను. అమ్మ కూలబడి ఏడ్చింది. గాలి సోకిందని, వేపమండలతో మంత్రం వేసే ఆయన్ను పిలవమని నాయనమ్మ అంది. నాన్న తలుపు పగలగొట్టడానికి గునపం తెచ్చారు.

అప్పుడు అక్క అత్తగారు ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. మమ్మల్ని దులిపి పారేస్తుందనో, కొడుక్కి మారుపెళ్ళి అంటుందనో మేము ఎదురుచూస్తుంటే, ఆవిడ మా అమ్మ వంక తిరిగింది.

"మీ అల్లుణ్ణి కన్నప్పుడు నన్నూ ఇలాగే కూసోబెట్టీసినారు వదినా. కళ్ళు మూతపడితే సాలు, ఎవలో ఒకలు తట్టి లేపీసీవోరు. ఓ పొద్దు ఆణ్ణి సంకనెట్టుకుని నూతి గట్టెక్కీసినాను. నీళ్ళకొచ్చిన మనిషి కేకేస్తే దిగేను. ఇన్నాళ్ళూ ఎవలికీ సెప్నేదు. ఇది గడియేసుకుని తొంగుంది, నయం. ఆ గునపం అవతల పారీండి."

"మరి ఒళ్ళు నీరెక్కితే?" అని నాయనమ్మ గొణిగింది.

"ఎక్కితే దిగుతాది పిన్నమ్మా. మడిసి పోతే తిరిగొస్తాదేటి?"

ఎప్పుడూ ముచ్చట్లతో సందడిగా ఉండే ఆ నడవలో ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. వాళ్ళలో ఇంకెంతమంది ఏయే గట్లెక్కి దిగారో అని నాకు ఆలోచన వచ్చింది. పక్కింటి కోడలు కూడా చంటిపిల్ల తల్లే, ఆమె వచ్చి పిల్లవాడికి పాలిచ్చింది. వండినదంతా చల్లారిపోయింది. అత్తగారు తలుపు దగ్గర నుంచి కదలలేదు. పొయ్యి దగ్గర గిన్నె చప్పుడైనా వేలు చూపించి బెదిరించింది.

దీపాలు పెట్టే వేళకు గడియ తీసిన చప్పుడైంది. అక్క జుట్టు రేగిపోయి, చెంప మీద నేల గచ్చు గీతలతో గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్నందర్నీ వింతగా చూసి, "నా కొడుకేడీ?" అంది.

ఆ మాటకు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ వినలేదు. రోజూ తప్పకుండా డైరీ రాసే నేను ఆ రాత్రి కలం పట్టుకుని ఊరికే కూర్చున్నాను. అక్క అత్తగారు బారసాల అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండిపోయి, మధ్యాహ్నమయ్యేసరికి బిడ్డను తాను తీసుకుని, ఆ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకునేది. మేనత్త గవ్వల సంచీ ఆవిడ చాప కిందే ఉండేది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ రోజు అంత ఇంట్లో, అంతమంది చేతుల మధ్య, మా అక్క ఒంటరిదైపోయిందన్న సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు. ఇప్పుడు మనవరాలిని బాగా నిద్రపొమ్మని ఆసుపత్రిలోనే చెప్పి పంపారు. చెప్పేవాళ్ళున్నారు, చాప వేసుకుని కూర్చోవడానికి మాత్రం మా కోడలు ఒక్కర్తే, ఆమెకూ పగలంతా పని.

అందుకని మొన్న నేనే లోపలికి వెళ్ళి ముని మనవణ్ణి ఎత్తుకున్నాను. మోకాళ్ళు సహకరించకపోయినా హాల్లోకి తెచ్చుకుని, మనవరాలిని తలుపు వేసుకోమన్నాను. ఈ కాలపు తలుపులు మెత్తగా మూసుకుంటాయి, గడియ చప్పుడు వినబడదు. అయినా పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, ఆ చప్పుడు కోసం కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాను.